తెడ్డు పట్టని వాడు

పడవ పందెంలో నా పని అరవడం. ఎనిమిది మంది తెడ్లు వేసే పడవలో నేను తొమ్మిదో మనిషిని. ఆ మనిషిని కాక్స్ అంటారు. తెడ్లు వేసేవాళ్ళు పడవ పోయే దిక్కుకు వీపు పెట్టి కూర్చుంటారు. ఎటు పోతున్నారో, ఎంత దూరం మిగిలిందో వాళ్ళకు కనపడదు. నేనొక్కణ్ణే ముందుకు చూస్తూ కూర్చుంటాను. చేతుల్లో చుక్కాని తాళ్ళు, తలకు కట్టుకున్న చిన్న మైకు, అంతే నా సామాను. ఈ పని కాలేజీ క్లబ్బులో మొదలుపెట్టి దేశం జట్టు దాకా చేశాను. ఎవరైనా అడిగితే, నేనేం చేయలేదు, చేసేవాళ్ళకు చెప్పాను అంటాను. వినయం అనుకుంటారు. పని అంతే.

కాక్స్‌కు ఎదురుగా, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చునే మనిషిని స్ట్రోక్ అంటారు. అతను తెడ్డు వేసిన తీరునే మిగతా ఏడుగురూ పట్టుకుంటారు. వాళ్ళంతా అతని వెనక ఉంటారు. అతని ముఖం కాక్స్‌కు ఒక్కడికే కనపడుతుంది. నేను ఏళ్ళ తరబడి ఒకే ముఖం చూశాను.

మాది దర్శి. నాన్నగారు పౌరోహిత్యం చేస్తారు. చిన్నప్పటి నుంచీ నాకు మాట తక్కువ, గొంతు ఎక్కువ. శబ్దం గొంతులోంచి కాదు, బొడ్డు దగ్గర నుంచి రావాలని నాన్నగారు పొట్ట మీద వేలు పెట్టి పొడిచి నేర్పారు. మంత్రాలు నిలవలేదు, గొంతు నిలిచింది. ఇంజనీరింగుకు తాడేపల్లి దగ్గర కాలేజీలో చేరాను. నేను ఏళ్ళ తరబడి చూసిన ఆ ముఖం మనిషి హాస్టల్లో నా గదిలోనే ఉండేవాడు. పొదిలి అవతల చిన్న పల్లె వాళ్ళది. తల్లీ తండ్రీ కూలికి వెళ్ళేవాళ్ళు. చర్చి వెనక ఇల్లు. ఆరడుగులు దాటిన మనిషి కావడంతో మంచం చాలక కాళ్ళు కిటికీ గట్టు మీద పెట్టుకుని పడుకునేవాడు. మొదటి రోజే నన్ను పంతులు అన్నాడు. కాలేజీ అంతా అదే పిలుపు అయింది.

బ్యారేజీకి ఎగువన కృష్ణ నీళ్ళు కదలకుండా నిలిచే చోట మా క్లబ్బుకు ఒక రేకుల షెడ్డూ, రెండు పాత పడవలూ ఉండేవి. అతను కాలేజీ తెరిచిన వారంలోనే అందులో చేరాడు. ఒక పొద్దున నన్ను లేపి, ఎందుకో చెప్పకుండా రేవుకు తీసుకెళ్ళి కోచ్ ముందు నిలబెట్టాడు.

"సార్, బరువు లేనోడు కావాలన్నారుగా. తెచ్చా."

కోచ్ నన్ను కిందికీ పైకీ చూశాడు. "ఈత వచ్చా?"

"రాదండి."

"అరవడం వచ్చా?"

నేను నోరు తెరిచేలోపు అతనే అందుకున్నాడు. "నిద్దర్లో మంత్రాలు చదువుతాడు సార్. పక్క గదోళ్ళు లేచి దండం పెట్టుకుంటన్నారు."

ఈత నేర్చుకున్నాకే పడవ ఎక్కించారు. ఎక్కిన మొదటి రోజు నేను "లాగండి" అన్నాను. ఎనిమిది మందీ తెడ్లు వదిలేసి నవ్వారు.

"లాగండి ఏందిరా? తాంబూలానికి పిలుస్తన్నావా?" అన్నాడతను. "లాగరా అను. తిట్టు. తిడితేనే పడవ కదిలేది."

మా ఇంట్లో నేను ఎవరినీ 'రా' అని పిలిచి ఎరగను. చాలా రోజులు పట్టింది. ఒకసారి నోరు తిరిగాక మాత్రం, పడవలో ఉన్నంతసేపు నేను వేరే మనిషినని వాళ్ళు అనేవాళ్ళు. గట్టెక్కగానే మళ్ళీ మాట లేని పంతుల్నే.

పోటీల్లో కాక్స్ కనీసం యాభై అయిదు కిలోలు ఉండాలి. తక్కువైతే ఆ మేరకు ఇసక మూట పడవలో పెట్టుకోవాలి. నేను ఎప్పుడూ తక్కువే. అతను సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మిర్చి బస్తా గోతం కోసి, దబ్బనంతో మూట కుట్టి తెచ్చాడు. అందులో కృష్ణ ఇసక నింపాం. ఎన్నిసార్లు ఉతికినా ఆ గోతానికి ఘాటు పోలేదు. మొదటి పోటీలో పడవలన్నీ గీత మీద నిలబడి, అందరూ ఊపిరి బిగబట్టి ఉండగా, నేను మైకులో తుమ్మాను.

"పంతులు శకునం చెప్పాడ్రోయ్!" అని పడవ ముందు కొస నుంచి ఎవరో అరిచారు. పక్క పడవ వాళ్ళు కూడా నవ్వారు. ఆ పందెం గెలిచాం. ఆ తరవాత ప్రతి పందేనికీ ముందు నన్ను తుమ్మమని సతాయించేవాళ్ళు. రాకపోతే అతను వంగి, నా కాళ్ళ దగ్గర ఉన్న మూటను ఒక్క దెబ్బ కొట్టేవాడు. తుమ్ము వచ్చేది.

పందెం రెండు వేల మీటర్లు. సగం దాటాక, చివరి భాగం ఇంకా కనపడని చోట, శరీరం ఇక చాలంటుంది. అక్కడ అతని ఎడమ కన్ను మూసుకుపోయేది. పై పెదవి పళ్ళ మీదికి లేచేది. ఆ ముఖం చూసి, ఇంకా ఎంత మిగిలి ఉందో అంచనా కట్టి, నేను పిలిచేవాణ్ణి. "లాగరా. ఇంకో పది." ఇంకో పది తెడ్లు అని అర్థం. పది అయ్యాక మళ్ళీ ఇంకో పది. అతనికి ఏం జరుగుతున్నదో చూస్తూ అడగడమే నా పని.

ఒడ్డుకు వచ్చాక అతను బ్యాగులోంచి కాగితం పొట్లం తీసేవాడు. అందులో బిళ్ళలు. తను వేసుకుని మిగిలినవి అడిగిన వాళ్ళకు ఇచ్చేవాడు. ఇది మాలో ఎవరికీ వింతగా లేదు. మా వైపు మిరప కోతలకు వెళ్ళేవాళ్ళు అన్నం క్యారేజీతో పాటు నొప్పి బిళ్ళలు కూడా తీసుకెళ్తారు. పొద్దుటి నుంచి వంగి కాయ కోస్తే సాయంత్రానికి నడుము నిలబడదు. మర్నాడు మళ్ళీ వంగాలి. ఊళ్ళో ఆర్ఎంపీ డాక్టరు కోతల కాలానికి ముందే పొట్లాలు కట్టి ఉంచుతాడు. ఆడవాళ్ళు కొంగు ముడిలో కట్టుకుంటారు. బడి సెలవుల్లో పిల్లలు కోతకు వస్తే వాళ్ళకూ సగం విరిచి ఇస్తారు. అతను అట్లా పెరిగిన వాడు. నేను కోతకు పోలేదు కానీ ఆ బిళ్ళలు మా ఇంట్లోనూ ఉండేవి. పడవలో మూడొంతుల మంది మా చుట్టుపక్కల జిల్లాల వాళ్ళే. అది మందని కాదు, అన్నం తరవాత మజ్జిగ అన్నట్టుగానే మాకు తెలుసు. వాటి పేరేమిటని మాలో ఎవరమూ అడగలేదు.

చదువు అయ్యాక ఇద్దరం రాష్ట్రం జట్టులోకి వచ్చాం. అక్కడా అతను స్ట్రోక్, నేను కాక్స్. ఆ రెండో చలికాలంలో పొద్దున్నే పడవ ఎక్కేసరికి అతని కళ్ళ కింద ఉబ్బి ఉండడం చూశాను. ఎండ ఎక్కేసరికి తగ్గేది. మర్నాడు మళ్ళీ.

"ముఖం ఉబ్బిందిరా."

"నిద్ర ఎక్కువైంది."

"పాదాలు కూడా."

"నా పాదాలు చూస్తా కూకుంటే పడవ రాళ్ళకు కొడతావు. ముందు చూడు."

కోచ్‌కు చెప్పాను. కోచ్ మంచివాడే. పిలిచి చూసి, ఉప్పు తగ్గించమన్నాడు, గుడ్లు ఎక్కువ తినమన్నాడు. అప్పటికి మాకు తెలిసింది అంతే. అదే నెలలో ఇద్దరికీ దేశం జట్టు శిక్షణకు పిలుపు వచ్చింది. మిఠాయి పంచుకున్నాం. ఆ పిలుపు వచ్చినప్పుడు వాళ్ళ అమ్మ చర్చిలో సాక్ష్యం చెప్పిందట. మా అబ్బాయి నీళ్ళ మీద దేశానికి పని చేయబోతున్నాడని.

శిక్షణ భోపాల్‌లో, పెద్ద చెరువు పక్కన. వెళ్ళగానే అందరికీ రక్త పరీక్షలు చేశారు. రెండు రోజులకు అతన్ని ఒక్కణ్ణే పిలిచారు. హిందీ సరిగా రాదని తోడుగా నన్ను తీసుకెళ్ళాడు. డాక్టరు కాగితం చూసి మా ఇద్దరిలో రోగి ఎవరని అడిగాడు. అంత పొడుగ్గా, పుష్టిగా ఉన్న అతను తనే అంటే డాక్టరు నమ్మలేదు. మళ్ళీ రక్తం తీయించాడు. అదే వచ్చింది. రెండు మూత్రపిండాలూ చాలా వరకు పోయాయని చెప్పాడు. అది నేను తెలుగులో అతనికి చెప్పాలి. చెప్పాను. ఒక్కో మాటా చెప్పడానికి ముందు, ఇంకొంచెం చిన్న మాట దొరుకుతుందేమోనని చూశాను. దొరకలేదు.

గదికి వచ్చి బట్టలు సర్దుకున్నాడు. నేనూ నా పెట్టె తీశాను.

"నువ్వేందిరా?"

"వస్తాను."

"వచ్చి ఏం చేస్తావు? నా మూత్రం నువ్వు పోస్తావా?" అన్నాడు. తరవాత తనే, "పోబాక. ఇద్దరం పోతే ఈ పడవలో మనోడంటూ ఒక్కడూ ఉండడు" అన్నాడు.

అతన్ని రైలెక్కించి వచ్చి, సాయంత్రం నా చోట కూర్చున్నాను. ఎదురుగా రాజస్థాన్ నుంచి వచ్చిన సిపాయి. మంచి స్ట్రోక్. అతనికి బాధ కలిగితే రెండు కళ్ళూ పెద్దవయ్యేవి. హిందీలో అరవడం నేర్చుకున్నాను. పందెం చివరికి వచ్చేసరికి మాత్రం నోట్లోంచి తెలుగే వచ్చేది. ఆ పంజాబు వాళ్ళకూ కేరళ వాళ్ళకూ 'లాగరా' అంటే ఏమిటో నేను చెప్పక ముందే తెలిసింది.

అతనికి ఒంగోలులో డయాలసిస్ మొదలుపెట్టారు. బస్సులో వెళ్ళి, మిషను మీద పడుకుని, బస్సులోనే తిరిగి వచ్చేవాడు. నీళ్ళు కొలిచి తాగాలి. "కృష్ణ మీద బతికినోణ్ణి, గళాసు గీత పెట్టుకుని తాగతన్నా" అని నవ్వాడు ఫోనులో. ఒకరోజు మిషను మీద ఉండగానే ఫోను చేశాడు.

"ఏం తోయడం లేదురా. అరవరా."

"ఏమని?"

"పందెం. మొదట్నుంచి. రెండు వేలు."

నేను పడవల షెడ్డు వెనక్కి వెళ్ళి గోడకు తిరిగి నిలబడ్డాను. గీత మీద నిలబెట్టాను, బయలుదేరదీశాను, పక్క పడవలు ఎక్కడున్నాయో చెప్పాను. మధ్యలో నర్సు గొంతు వినపడింది. "ఏందయ్యా ఆ గోల?"

"మా పంతులు, సిస్టర్. నాకోసం జపం చేస్తన్నాడు."

సగం దాటించాను. ఇంకో పది అన్నాను, ఇంకో పది అన్నాను. ముగించాను. అటు నుంచి ఊపిరి వినపడుతున్నది.

"గెలిచామా?"

"గెలిచాం."

"అబద్ధాలు చెప్పబాక. నువ్వు మొదట తుమ్మలా."

ఆ తరవాత చాలాసార్లు అడిగాడు. అడిగినప్పుడల్లా ముందు ఉత్తుత్తి తుమ్ము తుమ్మి మొదలుపెట్టేవాణ్ణి. ముఖం కనపడకుండా అరవడం నాకు అలవాటు లేదు. ఎక్కడ ఎక్కువ అడుగుతున్నానో, ఎక్కడ ఆపాలో తెలిసేది కాదు.

మూత్రపిండం మారిస్తే బతుకుతాడని డాక్టర్లు చెప్పారు. తండ్రికి షుగరు. అన్నదమ్ములు లేరు. నేను నా రక్తం పరీక్ష చేయించుకుని పంపాను. గ్రూపు కలవలేదు. వాళ్ళ అమ్మది కలిసింది. ఆ సంగతి తెలిసిన రోజు ఆమె చర్చిలో మళ్ళీ సాక్ష్యం చెప్పింది.

మిగతా పరీక్షలకు గుంటూరు తీసుకొచ్చారు. నాకు సెలవు దొరికి నేనూ వెళ్ళాను. ఆమె ఇస్త్రీ చీర కట్టుకుని, తలకు నూనె రాసుకుని, పెళ్ళిచూపులకు వచ్చినట్టు బల్ల మీద నిటారుగా కూర్చుంది. డాక్టరు రిపోర్టులు రెండుసార్లు తిరగేశాడు.

"అమ్మా, నొప్పి బిళ్ళలు ఏమన్నా వాడతావా?"

"రోజూ ఏం లేదయ్యా. పనికి పోయినప్పుడే."

"ఏం పని?"

"మిరప కోతలప్పుడు. పత్తి తీతలప్పుడు. పొగాకు పనికి పిలిస్తే అప్పుడు."

"పని లేనప్పుడు?"

"పని లేకపోతే ఎందుకయ్యా బిళ్ళ?"

"పని లేని నెలలు ఉంటాయా?"

ఆమె ఆలోచించింది. సాయం కోసం కొడుకు వంక చూసింది. అతను నేల చూస్తున్నాడు. డాక్టరు కలం కింద పెట్టాడు. నీ కిడ్నీలే సగం పోయాయమ్మా, ఇంకొకరికి ఇవ్వడానికి లేదు అన్నాడు. కొడుక్కి ఎందుకు పోయాయో కూడా అప్పుడే చెప్పాడు. గట్టిగా చెప్పలేదు, తప్పుపట్టినట్టు కూడా చెప్పలేదు. ఆమెకు అర్థమయిందా లేదా అని నేను చూస్తున్నాను. ఆమె అన్నది: "చిన్నప్పుడు వాడికి సగమే ఇచ్చేదాన్నయ్యా. మొత్తం ఎప్పుడూ ఇయ్యలా."

అతనే లేచి తల్లి రెక్క పట్టుకున్నాడు. "పదమ్మా. బస్సు పోద్ది."

చనిపోయినవాళ్ళ అవయవాల కోసం ఎదురుచూసే వరసలో అతని పేరు రాయించాం. అంతటితో మేం చేయగలిగింది అయిపోయింది. నేను తిరిగి వెళ్ళిపోయాను. దేశం జట్టుకు ఎంపిక చేసినప్పుడు కాక్స్‌గా నన్నే తీసుకున్నారు. విదేశంలో పోటీ. మొదట అతనికే ఫోను చేశాను.

"మూట తీసకపోతన్నావా?"

"వాళ్ళు వేరే ఇస్తారు. కొత్తది."

"కొత్తదాంతో ఏం తుమ్ముతావురా? మనదే తీసకపో."

తీసుకెళ్ళాను. తూకం వేసే అతను ఇసక పారబోయించి, లోపల చూసి, మళ్ళీ నింపించాడు. అతనూ తుమ్మాడు. ఈ సంగతి చెబుదామని ఫైనలు ముందు రోజు రాత్రి ఫోను చేస్తే వాళ్ళ అమ్మ తీసింది. పడుకున్నాడు బాబూ, నువ్వు పందెం చూసుకో అన్నది. గొంతు మామూలుగానే ఉంది.

మర్నాడు పందెంలో ఆరు పడవల్లో అయిదోవాళ్ళం అయ్యాం. చివరి పది పిలిచినప్పుడు ఎదురుగా ఉన్న సిపాయి రెండు కళ్ళూ పెద్దవయ్యాయి. ఇంకా ఇవ్వడానికి అతని దగ్గర లేదని తెలుస్తూనే ఉంది. ఇంకో పది అడిగాను. ఒడ్డుకు వచ్చాక, తెడ్లు సర్దాక, కోచ్ నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. అతను ముందు రోజు సాయంత్రమే పోయాడు. నేను ఫోను చేసేసరికి ఇంట్లో చాప మీద ఉన్నాడు. పందెం అయ్యేదాకా ఆ పిల్లోడికి చెప్పబాకండయ్యా అని వాళ్ళ అమ్మే అందరికీ చెప్పిందట.

నేను వచ్చేసరికి సమాధి మీద మట్టి ఆరిపోయింది. జ్ఞాపకార్థ కూడికకు అందాను. ఇంటి ముందు పరదా వేశారు. పాస్టరు గారు వాక్యం చదివి, స్నేహితుడు రెండు మాటలు చెబుతాడని మైకు నా చేతికి ఇచ్చారు. క్లబ్బు వాళ్ళంతా అక్కడే కూర్చుని ఉన్నారు. నేను చాలాసేపు నిలబడ్డాను. మైకులో నా ఊపిరి మాత్రం వినపడింది. పాస్టరు గారు మెల్లగా మైకు తీసుకుని పాట ఎత్తుకున్నారు.

మళ్ళీ నేను ఆ ఊరు వెళ్ళింది మిరప కోతల్లో. ఇంటికి తాళం వేసి ఉంది. వాళ్ళ అమ్మ పొలంలో ఉందని పక్కింటివాళ్ళు చెప్పారు. నడిచి వెళ్ళాను. కూలీల ముఠా అంతా చెట్ల మీదికి వంగి ఉంది. నన్ను చూసి ఆమె బయటికి వచ్చి, గట్టు మీద తువ్వాలు పరిచి కూర్చోమన్నది. తనూ కూర్చుంది.

"ఒక్క మాట చెప్పు బాబూ. పడవలో మావాడికి ఏమని అరిచేవాడివి?"

"లాగరా అనేవాణ్ణమ్మా. ఇంకో పది అనేవాణ్ణి."

"లాగేవాడా?"

"లాగేవాడు."

"ఎన్నిసార్లు అడిగినా?"

"ఎన్నిసార్లు అడిగినా."

తల ఊపింది. తరవాత కొంగు ముడి విప్పింది. అందులో తెల్ల బిళ్ళ ఉంది.

"అమ్మా, వద్దు. డాక్టరు చెప్పాడుగా."

"చెప్పాడు. మంచోడే."

"నేను డబ్బు పంపిస్తున్నాను కదా. ఇంట్లో ఉండమ్మా."

"పంపుతన్నావు నాయనా, కాదనను. ఇంట్లో కూకుంటే వాడే కనపడతాడు. ఇక్కడైతే కాయ కనపడుద్ది." చేను వంక చూసింది. "ఇంకా మూడు సాళ్ళు ఉండాయి. వంగితే లేవలేకపోతన్నా. ఇది ఒక్కటే. పొద్దున ఏసుకోలా."

వద్దని మళ్ళీ అన్నాను. బొడ్డు దగ్గర నుంచే అన్నాను. చేలో రెండు తలలు లేచి మా వైపు చూశాయి. ఆమె నా పక్కన ఉన్న నీళ్ళ సీసా తీసుకుని, బిళ్ళ నోట్లో వేసుకుని, తల పైకెత్తి తాగింది. మూత బిగించి సీసా నా చేతికిచ్చి, మోకాలి మీద చెయ్యి ఆనించి లేచి, తన సాలులోకి వెళ్ళింది.